నాపరాయుణ్ణి నిలబెట్టడం: సూపర్‌హీరో టేబుల్ ఆటకు రాక్షసుణ్ణీ, కథనూ తయారుచేయడం ఎలా?

టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో హీరోగా ఆడే సూపర్‌హీరో రోల్‌ప్లేయింగ్ ఆటలో, రాక్షసుణ్ణీ కథనూ నడిపే గేమ్ మాస్టర్ (జీఎం) పని ముప్పాతిక వంతు ఆటకు ముందే అయిపోతుంది. కొత్త జీఎంలు చాలామంది ముందు రాక్షసుడి బొమ్మ గీస్తారు, పవర్లు రాస్తారు, అంకెలు పేరుస్తారు, ఆ తర్వాత హీరోల మీదికి తోలుతారు. అలా తయారైనవాడు రెండు రకాలుగా చెడతాడు. మొదటి రౌండులోనే కూలిపోతాడు, లేదంటే రెండు గంటలు కొట్టినా చావడు. రెండింటికీ కారణం ఒకటే: వాణ్ణి కొట్టబోయే హీరోల షీట్లు (పవర్లు, అంకెలు రాసుకున్న కాగితాలు) ఎవరూ తెరిచి చూడలేదు.

ఇక్కడ వాడుతున్న నియమాలు మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే సూపర్‌హీరో ఆట మూడో ఎడిషన్‌వి. ఇరవై ముఖాల పాచిక ఒక్కటుంటే టేబుల్ మొత్తానికి సరిపోతుంది, లేకపోతే ఫోనులో డైస్ యాప్ చాలు. హీరోలు నలుగురు, పవర్ లెవల్ (బలానికి పై హద్దు) 10, హీరోను తయారుచేసుకోవడానికి ఒక్కొక్కరికి 150 పాయింట్లు అనుకుందాం. ఉదాహరణకు మన తాడిపత్రి నాపబండల్లోంచి ఒక రాక్షసుణ్ణి లేపుదాం. పేరు నాపరాయుడు.

ముందు షీట్లు తెరవండి

ఆటకు వారం ముందే నలుగురి షీట్లూ ఫోటో తీసి పంపమనండి. ఒక్కో హీరోకు మూడు సంగతులు రాసుకోవాలి: ఎంత గట్టిగా కొడతాడు, ఎంత దెబ్బ ఓర్చుకుంటాడు, కొట్టడం కాకుండా ఇంకేం చేయగలడు. మూడోదే ముఖ్యం. మన నలుగురిలో ఒకామె ఎగురుతుంది, ఒకడు లారీ ఎత్తుతాడు, ఒకామె మనసులు చదువుతుంది, ఒకడు శబ్దంతో కొడతాడు.

ఇక్కడే మొదటి గుంట ఉంది. రాయికి మనసేముంటుంది? మనసు చదివే పవర్ రాతి మీద పనిచేయదని రాసేస్తే ఆ అమ్మాయి గంటసేపు ఉగ్గాని బజ్జీ తింటూ కూర్చోవాల్సిందే. ఒక పవర్‌ను రాక్షసుడి మీద పనిచేయకుండా ఆపితే, అదే కథలో ఆ పవర్ లేకుండా జరగని పని ఒకటి పెట్టాలి. మన కథలో గనిలో పనిచేసే ముసలాయన ఒకడు రాయి లేచిన రాత్రి నుంచి మాట పడిపోయి ఉన్నాడు. ఆయన చూసిందేమిటో తెలుసుకోగలిగేది ఆ అమ్మాయి ఒక్కతే.

వాడికేం కావాలి?

‘ఊరిని నాశనం చేయాలి’ అనేది కోరిక కింద లెక్క కాదు. దాంతో జీఎంకు ప్రతి టర్నులో వాడేం చేస్తాడో తోచదు, ఎదురుగా ఉన్నవాణ్ణి కొట్టించడమే మిగులుతుంది. చేత్తో పట్టుకోగలిగే వస్తువును, వెళ్లి చేరగలిగే చోటును కోరుకునేవాడు కావాలి.

నాపరాయుడికి తన పొరలు కావాలి. తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల గనుల నుంచి తరతరాలుగా తవ్వి తీసిన బండలు ఇప్పుడు రాయలసీమ ఇళ్లల్లో నేలగా, అరుగులుగా, మిద్దెల కప్పుగా పరిచి ఉన్నాయి. వాడు నడిచిన వీధిలో ఇంటి నేల కంపిస్తుంది, బండలు సున్నం విడిచి పైకి లేస్తాయి. ఈ ఒక్క కోరికతో మూడు పనులు అవుతాయి. వాడు ఎటు పోతాడో తెలుస్తుంది, మామూలు జనానికి ప్రమాదం ఎక్కడో తెలుస్తుంది, కొట్టకుండా ఆపే దారి కూడా దొరుకుతుంది. చివరిది చాలామంది మరిచిపోతారు.

అమ్మవారినో, దర్గానో, ఊరి జాతరనో రాక్షసుడికి ముడిపెట్టకండి, టేబుల్ మీద ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. ఫ్యాక్షన్ జోలికి కూడా పోవద్దు. ఒకసారి సుమోలు గాల్లోకి లేచాయంటే ఆ పూట రాక్షసుణ్ణి ఎవరూ పట్టించుకోరు.

పదార్థంలోంచి పవర్లు తీయండి

పవర్ల జాబితా ముందేసుకుని ఏరుకుంటే ఎక్కడో చూసిన విలనే మళ్లీ తయారవుతాడు. వాడు దేనితో తయారయ్యాడో ఆ పదార్థాన్ని గమనించండి. నాపరాయి సున్నపురాయి జాతి. సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నది. అందుకే గనిలో అడ్డంగా పగలగొట్టడం కష్టం, పొర వెంబడి ఉలి దించితే మాత్రం పలకలాగా లేస్తుంది. యాసిడ్ పడితే బుసబుస నురగ వస్తుంది. నీళ్లు యుగాల తరబడి కరిగిస్తే బెలూంలాంటి గుహ అవుతుంది.

దాన్నిబట్టి నాపరాయుడికి నాలుగు పొరలు. దెబ్బలు తినేకొద్దీ పై పొర బండలుగా ఊడి పడుతుంది. బరువు తగ్గేకొద్దీ వాడు మెత్తబడతాడు, కానీ వేగం పెరుగుతుంది. బలహీనతలు మూడు: యాసిడ్, పొర వెంబడి దించిన చీలిక, సరైన శ్రుతిలో తగిలిన శబ్దం. పారే నీళ్లంటే భయం కూడా ఉంది, కానీ నీళ్లు వాణ్ణి చంపవు, దారి మాత్రం మళ్లిస్తాయి.

అంకెలు

ఈ ఆటలో దాడి బోనస్ (కొట్టేటప్పుడు పాచికకు కలిపేది), డ్యామేజ్ ర్యాంకు (దెబ్బ బలం) రెండూ కలిపి పవర్ లెవల్‌కు రెట్టింపు దాటకూడదు. లెవల్ 10 అయితే 20. డాడ్జ్ (దూరం నుంచి వచ్చే దాడిని తప్పించుకోవడం), టఫ్‌నెస్ (దెబ్బ ఓర్చుకోవడం) కలిపినా, ప్యారీ (దగ్గరి దాడిని తప్పించుకోవడం), టఫ్‌నెస్ కలిపినా అదే హద్దు. నాపరాయుడి పొరలు ఈ హద్దు లోపలే కదులుతాయి:

మొదటి పొర: దాడి +6, డ్యామేజ్ 14, డాడ్జ్, ప్యారీ 4, టఫ్‌నెస్ 16
రెండో పొర: దాడి +8, డ్యామేజ్ 12, డాడ్జ్, ప్యారీ 6, టఫ్‌నెస్ 14
మూడో పొర: దాడి +10, డ్యామేజ్ 10, డాడ్జ్, ప్యారీ 8, టఫ్‌నెస్ 12
నాలుగో పొర: దాడి +12, డ్యామేజ్ 8, డాడ్జ్, ప్యారీ 10, టఫ్‌నెస్ 10

కాగితం మీదే లెక్క వేసి చూడాలి. హీరో దాడి +10, డ్యామేజ్ 10. మొదటి పొరలో దెబ్బ తగలాలంటే పాచిక, దాడి కలిపి 14 (10కి డాడ్జ్ లేదా ప్యారీ 4 కలిపి) రావాలి, పాచిక మీద 4 పడితే చాలు, అంటే నూటికి 85. తగిలాక రాక్షసుడికి పాచిక, టఫ్‌నెస్ కలిపి కనీసం 25 (15కు డ్యామేజ్ 10 కలిపి) రావాలి, దీన్నే టఫ్‌నెస్ చెక్ అంటారు. టఫ్‌నెస్ 16 కాబట్టి పాచిక 9 కంటే తక్కువ పడితే ఓడతాడు, నూటికి 40. రెండూ గుణిస్తే 34. నలుగురు కొడితే రౌండుకు ఒకటికి పైగా దెబ్బ పనిచేస్తుంది. నాలుగో పొరలో తగలడం 55కు పడిపోతుంది, తగిలాక పనిచేయడం 70కి పెరుగుతుంది, గుణిస్తే 38కి పైచిలుకు. అంటే ఆట వేగం దాదాపు మారలేదు. ప్లేయర్లకు మాత్రం ముందు గోడను కొట్టినట్టుంటుంది, చివర్లో చేతికి దొరకనివాణ్ణి తరిమినట్టుంటుంది.

ఇప్పుడు సాధారణంగా జరిగే తప్పు చూడండి. ‘విలన్ గట్టిగా ఉండాలి కదా’ అని డాడ్జ్ 10, టఫ్‌నెస్ 18 పెడితే తగలడం 55, పనిచేయడం 30, గుణిస్తే నూటికి 16, 17. నలుగురూ కలిసి రౌండంతా కొట్టినా సగటున ఒక దెబ్బ కూడా పడదు. రెండూ ఒకేసారి పెంచకండి. ఒకటి పెంచితే రెండోది దించండి.

పొర ఊడే నియమం ఇది: మామూలు దెబ్బ పనిచేసినప్పుడల్లా టఫ్‌నెస్ మీద పడే −1లు రెండు పోగైనా, అంతకంటే పెద్ద దెబ్బ ఒకటి తగిలినా పొర పోతుంది. పొరతోపాటు పాత గాయాలూ పోతాయి. చివరి పొరకు మామూలు నియమాలే. ఇలా నాలుగైదు రౌండ్లు పడుతుంది. కొత్తవాళ్లతో రౌండుకు పది, పన్నెండు నిమిషాలు వేసుకోండి.

డ్యామేజ్ 14 దగ్గర ఒక జాగ్రత్త. టఫ్‌నెస్ 10 ఉన్న హీరోకు అది తగిలి, పాచిక 3 లేదా అంతకంటే తక్కువ పడితే ఒక్క దెబ్బకే పడిపోతాడు. అందుకే మొదటి టర్నులో వాడి చేత మనిషిని కొట్టించకండి, మిద్దె గోడను కొట్టించండి. ఆ గోడ పొడి కావడం కళ్లారా చూస్తే దెబ్బ బలం అందరికీ అర్థమవుతుంది. దగ్గరికి పోవాలా వద్దా అన్నది ఇక వాళ్లే తేల్చుకుంటారు.

నలుగురికి నాలుగు టర్నులు, వాడికి ఒకటే

ఒంటరి రాక్షసుడు ఓడేది ఎక్కువగా బలం చాలక కాదు, టర్నులు చాలక. దీనికి డ్యామేజ్ పెంచడం మందు కాదు. పెంచితే హీరోలు పడిపోతారు తప్ప వాడి టర్నులు పెరగవు. రెండు ఉపాయాలున్నాయి.

ఒకటి, ఊడిన పొర ఖాళీగా పడి ఉండకూడదు. ఒక్కో పొర నుంచి రెండేసి బండపిల్లలు లేస్తాయి. అన్ని అంకెలూ 5 పెట్టండి, మినియన్ (చిల్లర అనుచరుడు) నియమం వర్తింపజేయండి: ఒక్క టఫ్‌నెస్ చెక్ ఓడితే అక్కడికక్కడే ముక్కలు. రెండుకు మించి వద్దు. ఆరేడు మినియన్లు ఉంటే జీఎం పాచిక వేస్తూనే ఉంటాడు, ప్లేయర్లు ఫోన్లు చూసుకుంటారు. పైగా దాడి +5, డ్యామేజ్ 5తో అవి హీరోలకు చేసే హాని తక్కువే. అందుకే వాటితో హీరోలను కొట్టించకండి, పని అప్పజెప్పండి. ఒకటి ఇంటి నేల పీకుతుంది, ఒకటి పిల్లాడు దాక్కున్న గది వైపు పోతుంది. వాణ్ణి కొట్టాలా, పిల్లాణ్ణి తీయాలా అని హీరో తేల్చుకోవలసి వచ్చినప్పుడే సూపర్‌హీరో ఆట అసలు మొదలైనట్టు.

రెండోది ఏరియా దాడి. నేలను తన్నితే చుట్టూ ఉన్నవాళ్లందరికీ తగులుతుంది. దాడి పాచిక అక్కర్లేదు కాబట్టి దీని ర్యాంకు పవర్ లెవల్ దాటకూడదు, అంటే 10. డాడ్జ్ చెక్ గెలిచినవాళ్లకు ర్యాంకు సగమవుతుంది. రెండు రౌండ్లకొకసారి చాలు.

చోటు కూడా ఒక పాత్రే

నాలుగు గంటల ఆదివారం ఆటకు మూడు చోట్లు. నాలుగోది రాసుకుంటే అది మీ నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది. ప్రతి చోటూ ఒక హీరోకు కాళ్లు కట్టేయాలి, ఇంకొకరికి తలుపు తీయాలి.

మొదటిది తాడిపత్రి బయట ఒక పాలిష్ ఫ్యాక్టరీ. కోత రంపాలు, తెల్లటి బురద గుంటలు, నిలబెట్టి పేర్చిన బండల వరసలు. బలవంతుడికి విసరడానికి కావలసినంత సరుకు. శబ్దం హీరోకు మాత్రం రంపాల హోరులో ఏమీ వినపడదు, ముందు మెయిన్ స్విచ్ ఆపాలి.

రెండోది బెలూం గుహలు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. గుహ పొడవు 3,229 మీటర్లు, లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్ల కింద. ఎగిరే అమ్మాయికి సందుల్లో రెక్క విప్పే చోటుండదు, లోపల ఉక్కపోత వేరే. కొట్టి చూస్తే స్వరాలు పలికే సప్తస్వరాల గుహ అక్కడే ఉంది. శబ్దం హీరో ఆ శ్రుతి పట్టుకుంటే తర్వాతి సీన్‌లో అతని దాడికి రాక్షసుడి టఫ్‌నెస్ 4 తక్కువగా లెక్కేయండి. ఇక్కడ పెద్ద పోరాటం పెట్టవద్దు, బండపిల్లలు రెండు చాలు. ఇరుకులో రాక్షసుణ్ణి దింపితే ఒక హీరో దారికి అడ్డం నిలబడి మిగతా ముగ్గురిని ప్రేక్షకుల్ని చేస్తాడు.

మూడోది గండికోట. తాడిపత్రి మీదుగా వచ్చిన పెన్నానది ఎర్రమల కొండలను కోసుకుని పోయే లోయ. ఎగిరే అమ్మాయికి ఆకాశమంతా తనదే. అంచున నిలబడి సెల్ఫీలు తీసుకునే టూరిస్టులు మీకు కావలసిన జనం.

క్లూలు, గడియారం, దారులు

కథ ముందుకు పోవడానికి తెలిసితీరాల్సిన ప్రతి సంగతికీ మూడు క్లూలు పెట్టండి. ఒకటి ప్లేయర్లకు కనపడదు, ఒకటి తప్పుగా అర్థమవుతుంది, మూడోది పట్టుకుంటారు. వాడికి గుండెలాంటి నల్లబండను, అంటే గుండెబండను, గనిలోంచి తీసి ఎవరో అమ్మేశారన్నది ఇక్కడ తెలియాల్సిన సంగతి. ముసలాయన మనసులో ఆ దృశ్యం ఉంది. ఫ్యాక్టరీ లారీ రసీదులో గండికోట దగ్గర కడుతున్న ఒక రిసార్టు పేరు ఉంది. మూడోది గనిలో మిగిలిన కూలీ మాట: “రాయి పలుకుతాంది సార్. సుత్తి పెట్టకముందే పలుకుతాంది, పొద్దున్నుంచి. ఆ నల్లబండ పోయినకాడ్నుంచే.” క్లూకు పాచిక వేయించకండి. అడిగినవాడికి ఇచ్చేయండి. పాచిక ఓడితే కథ ఆగిపోయే చోటు మీ చేతులతో మీరే పెట్టుకున్నట్టవుతుంది.

హీరోలు ఏమీ చేయకపోతే ఏమవుతుందో గంటలవారీగా ఒక కాగితం మీద రాసుకోండి. సాయంత్రం 4కు ఫ్యాక్టరీ, 6కు ఊరి మిద్దెలు, 8కి గండికోట. వాళ్లు ఎక్కడో ఆలస్యం చేస్తే గడియారం జరిపేయండి, ఊరి మిద్దెలు కూలిపోయాయని వార్త చెప్పండి. తర్వాతి సీన్ దానంతట అదే బరువెక్కుతుంది.

ముగింపుకు కనీసం రెండు దారులు తెరిచి ఉండాలి. నాలుగు పొరలూ ఊడగొట్టడం ఒకటి, గుండెబండను రిసార్టు గోడలోంచి పీకి వాడికి అప్పగించడం ఇంకొకటి. ప్లేయర్లు మూడోది కనిపెడితే, అది పూర్తిగా అర్థంలేనిది కాకపోతే ఒప్పుకోండి. వాణ్ణి తప్పించి తీరాలనిపిస్తే ఊరికే మాయం చేయకండి. అలా జీఎం చేయి పెట్టినప్పుడు దెబ్బతిన్న హీరోకు ఒక హీరో పాయింట్ ఇవ్వాలని నియమమే ఉంది. దాంతో పాచిక మళ్లీ వేసుకోవచ్చు, మళ్లీ వేసినప్పుడు 10 గానీ అంతకంటే తక్కువ గానీ పడితే 10 కలుపుకోవచ్చు. పాయింట్ చేతిలో పడితే విలన్ పారిపోయినందుకు ఎవరూ అలగరు.

ముందురోజు రాత్రి

ఒక్కరే కూర్చుని మూడు రౌండ్లు ఆడి చూడండి, నాలుగు షీట్లూ మీ ముందే ఉన్నాయి కదా. మూడో రౌండు అయ్యేసరికి ఒక పొరైనా ఊడకపోతే మొదటి పొర టఫ్‌నెస్ 16ను 14 చేయండి, రెండో పొరను తీసేయండి. మూడో రౌండుకే నాలుగో పొర కనపడితే −1లు రెండు కాదు, మూడు పోగవ్వాలని మార్చండి. ఆట మధ్యలో అంకె మార్చాల్సి వస్తే పొర ఊడే క్షణంలోనే మార్చాలి. అప్పుడు ఎలాగూ అంకెలు మారతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.