వేలం పాటలో పాత కర్ర సామాను కొనేవారికి

పాత కర్ర సామానును వేలంలో కొనదలచినవారు చేయవలసిన పనిలో ముప్పాతిక వంతు పాట మొదలయ్యేలోపే ముగిసిపోవాలి. సుత్తి దెబ్బ పడ్డాక లోపం బయటపడితే వెనక్కి ఇచ్చే వీలు సాధారణంగా ఉండదు, ఎందుకంటే దాదాపు ప్రతి వేలం షరతుల్లోనూ వస్తువును ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతున్నట్టు రాసి ఉంటుంది.

కర్నూలు, కడప, అనంతపురం వాసులకు ఇందుకు రెండు దారులు ఉన్నాయి. పనికిరానివిగా తేల్చిన బల్లలు, బీరువాలు, కుర్చీలను ప్రభుత్వ కార్యాలయాలు వేసే బహిరంగ వేలం ఒకటి. ముంబయి, కోల్‌కతా వంటి నగరాల్లోని వేలం సంస్థల పాటల్లో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పాల్గొనడం రెండవది. మొదటిదానిలో ధర తక్కువే కానీ, ఒక మంచి టేకు కుర్చీ కోసం నాలుగు విరిగిన ఇనుప రాకులను కూడా అదే లాటులో కొనవలసి రావచ్చు.

కర్నూలు 1953 అక్టోబరు నుంచి 1956 నవంబరు వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నందున, ‘ఇది ఆనాటి సచివాలయపు కుర్చీ’ అన్న మాట ఇక్కడి పాత సామాను అమ్మేవారి నోట వినిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. వస్తువు వెనుక తెల్ల రంగుతో రాసిన కార్యాలయం పేరు, సామాను సంఖ్య వంటి ఆధారం లేనప్పుడు ఆ కథకు పైసా కూడా కట్టవద్దు. కథ నిజమే అయినా, 1972 నాటి పురావస్తువుల చట్టం కనీసం నూరేళ్లు నిండిన వస్తువునే పురావస్తువుగా గుర్తిస్తుంది కాబట్టి ఆ కుర్చీ దాని కిందికి రాదు. నూరేళ్లు దాటిన పురావస్తువును మాత్రం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. కువైట్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లల ఇంటికి పంపాలన్న ఆలోచన ఉన్నవారు ఆ సంగతిని ముందే గుర్తుంచుకోవాలి.

వేలానికి ముందు వస్తువును చూడటానికి ఇచ్చే రోజున ఒక టార్చిలైటు, కొలత టేపు, వీలైతే నమ్మకమైన వడ్రంగి వెంట ఉండాలి. ముందు భాగం పాలిష్ మెరుపులో ఏదైనా దాచగలదు కాబట్టి పరీక్షను అడుగు నుంచి, వీపు నుంచి మొదలుపెట్టాలి. పాతకాలపు వడ్రంగి కంటికి కనిపించే వైపునే చిత్రిక పట్టి నునుపు చేసేవాడు; సొరుగు అడుగున, బీరువా వీపు చెక్క మీద బాడిసె దెబ్బలు, చేతి రంపం వదిలిన ఎగుడుదిగుడు గీతలు అలాగే మిగిలిపోయేవి. విల్లులా వంగిన గీతలు ఒకే తీరున వరుసగా కనిపిస్తే అది గుండ్రటి యంత్ర రంపం కోత అని, వస్తువు చెప్పినంత పాతది కాకపోవచ్చని అర్థం. ప్లస్ గుర్తు గాడి ఉన్న మరలు 1930ల తర్వాతే వాడుకలోకి వచ్చాయి. అవి ఒకటి రెండుంటే మరమ్మతు అనుకోవచ్చు, అన్నీ అవే అయితే వయసు మీద అనుమానపడాలి. అరుగుదల చేయి ఆనే చోట, కాలు తగిలే చోట ఉండాలి. అంతటా సమానంగా అరిగిన వస్తువును ఎవరో కావాలని అరగదీసి ఉంటారు.

నాకు అన్నింటికన్నా నచ్చిన పరీక్ష టేపుతో చేసేది. ఒకే దిశలో పేర్చిన పలకలతో చేసిన పాత గుండ్రటి బల్లను చార (కర్రలో నారలు సాగే గీత) నిడివి వెంట ఒకసారి, చారకు అడ్డంగా ఒకసారి కొలిస్తే అడ్డం కొలత కాస్త తక్కువ వస్తుంది, ఎందుకంటే కర్ర ఎండేకొద్దీ అడ్డంగానే కుంచించుకుపోతుంది.

పురుగు తినేది సాధారణంగా తెల్లచెక్కను (మాను వెలుపలి లేత భాగాన్ని), చేవను (లోపలి గట్టి భాగాన్ని) కాదు. రంధ్రాల కింద తెల్లని పిండి తాజాగా రాలుతూ ఉంటే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. అలాంటి భోషాణం ఎంత చవకగా వచ్చినా ఇంట్లోని తలుపులకు, దూలాలకు ముప్పే.

కడప వైపు వారికి మరొక హెచ్చరిక అవసరం. ఎర్రచందనంతో చేసిందని చెప్పే వస్తువు ఏదైనా సరే, అటవీశాఖ అనుమతి పత్రాలను చూడకుండా దాని మీద పాట పాడకూడదు. జిట్రేగిని (రోజ్‌వుడ్‌ను) ఎర్రచందనమని చెప్పి అంటగడితే పోయేది డబ్బే, నిజంగా ఎర్రచందనమే అయితే కేసు కూడా కావచ్చు.

వేలంవెర్రి అన్న మాట ఊరికే పుట్టలేదు కాబట్టి, దాటకూడని ధరను ముందురోజు రాత్రే కాగితం మీద రాసుకోవాలి. ఆ ధరలో పాట మొత్తం ఒక్కటే ఉంటే చాలదు. మీ పాట 40,000 రూపాయల వద్ద ఖాయమైందనీ, సంస్థ రుసుము 15 శాతమనీ, ఆ రుసుము మీద జీఎస్టీ 18 శాతమనీ అనుకుంటే 47,080 రూపాయలు అవుతుంది. వస్తువు మీద వేరే పన్ను, ప్యాకింగు ఖర్చు, లారీ కిరాయి, వడ్రంగి కూలి దీనికి అదనం. గడువులోగా తీసుకుపోకపోతే గోదాము అద్దె వేస్తారు. పందిరి మంచం, బీరువా వంటివి విడదీయడానికి వీలవుతాయో లేదో, మీ తలుపు వెడల్పులో పడతాయో లేదో పాటకు ముందే కొలుచుకోవాలి. రెండు లక్షల రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు గనుక, ‘నగదైతే తగ్గిస్తాం’ అన్న మాటకు లొంగకుండా బ్యాంకు ద్వారానే చెల్లించి, లాటు సంఖ్య, వస్తువు వర్ణన ఉన్న రసీదు తీసుకోవాలి.

సముద్రతీర నగరం నుంచి కొనేవారు మన గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. దేశంలోని అతి తక్కువ వర్షపాతం గల జిల్లాల్లో అనంతపురం ఒకటి. తేమలో దశాబ్దాలు గడిపిన కర్ర ఇక్కడి వేసవి ఎండుదనానికి తట్టుకోలేక చీలుతుంది. నేను చెన్నై నుంచి తెచ్చుకున్న టేకు రాత బల్ల పైపలక మొదటి ఏప్రిల్‌లోనే పొడవునా చీలింది. అందువల్ల సామాను వానాకాలం చివర్లో చేరేలా చూసుకుని, ఎండ, కూలరు గాలి నేరుగా తగలని గదిలో ఉంచాలి. వదులైన అతుకులను, చీలికలను ఒక వేసవి గడిచాకే వడ్రంగికి చూపించాలి; అంతకుముందే నింపించిన చీలిక మళ్లీ విడుతుంది.