అద్దం ముక్కతో సూర్యుడి వ్యాసం కొలవడం ఎలా?

పిల్లలకు ఖగోళశాస్త్రం నేర్పాలంటే థర్మోకోల్ బంతులకు రంగులు వేయించి తీగలకు వేలాడదీయడం మనకు అలవాటైపోయింది. అక్కడ బొమ్మ తయారవుతుంది, పిల్లలు ఆకాశంలో చూసినది మాత్రం ఏమీ ఉండదు. అంతకన్నా తక్కువ సమయంలో సూర్యుణ్ణి ఇంటి గోడ మీదకు రప్పించి కొలవవచ్చు.

అరచేతిలో పట్టే మామూలు అద్దం, నల్ల కాగితం, తెల్ల కాగితం అంటించిన అట్ట, స్కేలు, కొలత టేపు, గిన్నెడు బియ్యం చాలు. నల్ల కాగితం మధ్యలో అయిదు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, దాన్ని అద్దానికి అంటించండి. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య బాల్కనీలో గిన్నె పెట్టి, బియ్యంలో అద్దాన్ని గుచ్చి, వెలుగు ఇంట్లోని చీకటి గోడ మీద పడేలా తిప్పండి. అద్దాన్ని చేత్తో పట్టుకోకండి. చెయ్యి కొంచెం వణికినా గోడ మీద వెలుగు జానెడు జరుగుతుంది.

గోడ దగ్గర నిలబడి అద్దంలోకి ఎవరూ చూడకూడదు. అందులో కనిపించేది సూర్యుడే, కంటికి హాని కూడా సూర్యుణ్ణి నేరుగా చూసినట్టే. ఎక్స్‌రే ఫిల్ము, పొగపట్టిన గాజు అడ్డం పెట్టినా కాపాడవు. పిల్లలను అద్దానికి వీపు పెట్టి నిలబెట్టాకే రంధ్రం మీద ఎండ పడనివ్వండి.

అద్దానికీ గోడకూ మధ్య పది మీటర్లు ఉండాలి, స్థలం లేకపోతే కనీసం ఆరు. చాలామంది ఒక అడుగు దూరంలో వెలుగు చుక్కను చూసి సంతోషపడతారు. అంత దగ్గరలో కనిపించేది చాలావరకు రంధ్రం ఆకారమే. అనుమానముంటే నలుచదరపు రంధ్రం చేసి చూడండి. దగ్గరలో నాలుగు మూలలూ కనిపిస్తాయి, పది మీటర్ల దూరంలో సూర్యుడి గుండ్రని బింబం వస్తుంది. మామిడి చెట్టు కింద ఎండ గుండ్రని మచ్చలుగా పడేది కూడా ఇందుకే. బూట్ల పెట్టెకు సూది బెజ్జం పెట్టే పద్ధతి నాకు నచ్చదు. ముప్పై సెంటీమీటర్ల పెట్టెలో బింబం మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాన్ని పిల్లలు స్కేలుతో ఎలా కొలుస్తారు?

అన్నిటికన్నా ఎక్కువగా తప్పు జరిగేది కొలిచేటప్పుడే. భూమి తిరుగుతోంది కాబట్టి బింబం ఆగదు, దాదాపు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతుంది. పది మీటర్ల దూరంలో అది నిమిషానికి నాలుగు సెంటీమీటర్ల పైమాటే. ఎడమ అంచు గుర్తుపెట్టి, పెన్సిలు మార్చుకుని, కుడి అంచుకు వచ్చేసరికి పది సెకన్లు గడిస్తే ఏడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. లెక్కలో అది సూర్యుడి వ్యాసంలో లక్ష కిలోమీటర్లు! అందుకే ముందు ఒక నిమిషం ఊరికే చూడనివ్వండి. బింబం ఎటు జరుగుతోందో తెలిశాక, ఆ దారికి అడ్డంగా ఉన్న వ్యాసాన్నే కొలవాలి. ఇద్దరు పిల్లలు చెరో అంచు దగ్గర పెన్సిలుతో సిద్ధంగా ఉండి, మూడు అనగానే ఒకేసారి గుర్తు పెట్టాలి.

గోడ మీద బింబం పడే చోట పెట్టే తెల్ల అట్ట అద్దానికి సూటిగా ఎదురుగా ఉండాలి. వాలితే వృత్తం కోడిగుడ్డులా సాగుతుంది. అంచు మసకగా ఉంటుంది కాబట్టి వెలుగు పూర్తిగా ఆగిపోయే చోట గుర్తు పెట్టి, వచ్చిన కొలత నుంచి రంధ్రం వెడల్పు తీసేయండి. ఈ తీసివేత చాలామంది మరిచిపోతారు. అయిదుసార్లు కొలిచి సగటు తీయండి, ఒక్క కొలతను నేను నమ్మను.

ఇక లెక్క సులువు. బింబం వెడల్పును అద్దం నుంచి అట్టకున్న దూరంతో భాగించి, సూర్యుడి దూరమైన 15 కోట్ల కిలోమీటర్లతో గుణించండి. పది మీటర్లకు 9.3 సెంటీమీటర్లు వస్తే 13,95,000 కిలోమీటర్లు. అసలు విలువ సుమారు 13,92,000. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లని చెప్పి, సూర్యుడి వ్యాసం దానికి ఎన్ని రెట్లో భాగహారం పిల్లల చేతే చేయించండి.

కొలిచిన కాగితం మీద తేదీ, దూరం రాసి దాచండి. భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, దూరంగా ఉండేది జులై మొదట్లో. పది మీటర్ల దగ్గర బింబంలో తేడా మూడు మిల్లీమీటర్లే. జనవరిలో ఒకసారి కొలిచి, జులైలో మబ్బు విడిచిన ఉదయం దొరికితే అదే అద్దం, అదే రంధ్రం, అదే దూరంతో మళ్ళీ కొలవండి. చలికాలపు సూర్యుడే పెద్దగా ఉన్నాడేమిటని పిల్లలు అడుగుతారు. జవాబు వెంటనే చెప్పకండి, రెండు కాగితాలూ వాళ్ళ ముందు పెట్టండి.