ఫ్రాక్చర్ తర్వాత మోకాలు బిగుసుకుపోయిందా? ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు ఇవి చూసుకోండి

మా తమ్ముడికి బైక్ యాక్సిడెంట్‌లో మోకాలి పైన తొడ ఎముక విరిగితే ప్లేట్ వేశారు, తర్వాత నొప్పికి భయపడి రెండు నెలలు కాలు కదపనివ్వకుండా మంచం మీదే ఉంచాం, ఎముకైతే అతుక్కుంది గానీ మోకాలు 40 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత తిరిగి తిరిగి తెలుసుకున్నవి రాస్తున్నా.

ముందు కొలిపించుకోండి. ఫిజియో దగ్గర గోనియోమీటర్ అని చిన్న స్కేల్ ఉంటుంది. మామూలు మోకాలు దాదాపు 135 దాకా వంగుతుంది, చదునైన నేల మీద నడవడానికి 65-70 సరిపోతుంది, మెట్లకీ కుర్చీలోంచి లేవడానికీ 90 అటూ ఇటూ కావాలి, గొంతుక్కూర్చోవాలంటే 120 దాటాలి. మీకు ఏ పని ఆగిపోయిందో డాక్టర్‌కి అదే చెప్పండి. వంగకపోవడం ఒకటే కాదు, కాలు పూర్తిగా చాపలేకపోతే నడక ఇంకా పాడవుతుంది, అది కూడా చూపించండి.

ఎక్కడ పట్టేసిందన్నది అసలు ప్రశ్న. మోకాలి చిప్ప పైన సంచిలాంటి ఖాళీ ఉంటుంది, కదలిక లేకపోతే దాని గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. లేదా విరిగిన చోట తొడ కండే ఎముకకి అంటుకుపోతుంది. చిప్ప పక్కలకి కదులుతోందా అని డాక్టర్ చేత్తో నొక్కి చూస్తారు. ఎక్స్‌రేలో ఎముక పూర్తిగా అతికిందా, లోపల ఇన్ఫెక్షన్ ఉందా (ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తం టెస్టులు) తేలకుండా ఆపరేషన్ డేట్ తీసుకోవద్దు.

మొదటి మూడు నెలల లోపైతే మత్తు ఇచ్చి మెల్లగా వంచి చూస్తారు, కోత ఉండదు. ఆలస్యమైతే కీలు లోపల పట్టేసిన ఆ అతుకులు గట్టిపడతాయి, అప్పుడు బలంగా వంచితే ఎముక విరగొచ్చు, చిప్ప కింద ఉండే పట్టీ తెగొచ్చు. దయచేసి ఎవరో మాలిష్ చేసేవాళ్ళ చేత ఇంట్లో బలవంతంగా వంపించకండి, మేం ఒకసారి ఆ తప్పు చేశాం, వాపు తగ్గడానికి మూడు వారాలు పట్టింది.

అతుకులు కీలు లోపలే ఉంటే ఆర్థ్రోస్కోపీతో, అంటే సన్నని కెమెరా పెట్టి చిన్న రంధ్రాల్లోంచి కోసేస్తారు. కండే పట్టేస్తే దాన్ని విడదీసే క్వాడ్రిసెప్స్‌ప్లాస్టీ అనే పెద్ద ఆపరేషన్. దీనికి 1944లో థాంప్సన్ అనే సర్జన్ ఒక పద్ధతి రాశారు, 1959లో జూడే అనే సర్జన్ ఇంకోటి, జూడే పద్ధతిలో ఒక్కో చోట విడదీసి వంచి చూస్తారు, చాలినంత రాగానే ఆపేస్తారు, అక్కర్లేనిది కోయరు. రక్తం పోవడం, కుట్లు విచ్చుకోవడం, ఇన్ఫెక్షన్ లాంటి రిస్కులున్నాయి. కొన్నాళ్ళు కాలు మన బలంతో పూర్తిగా చాపలేకపోవచ్చు కూడా, ఇది ముందే తెలియక మేం చాలా కంగారుపడ్డాం.

ఇక్కడ గట్టిగా చెప్తున్నా, టేబుల్ మీద వచ్చిన వంపు మొత్తం మిగలదు. తమ్ముడికి ఆపరేషన్‌లో 110 వచ్చింది, వారంలో 80కి పడిపోయింది, నాలుగు నెలలు రోజూ చేస్తే 95 దగ్గర నిలబడింది. అందుకే డేట్ తీసుకునే ముందే నొప్పికి ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర సన్నని ట్యూబ్‌తో ఇచ్చే మత్తుమందు) గానీ నర్వ్ బ్లాక్ (కాలి నరం దగ్గర ఇచ్చే మత్తుమందు) గానీ ఎన్ని రోజులు ఉంచుతారు, కాలు వంచే సీపీఎం మెషీన్ ఎప్పుడు పెడతారు, డిశ్చార్జ్ అయ్యాక ఇంటికొచ్చే ఫిజియో ఎవరు, ఆరు వారాల సెలవు దొరుకుతుందా, ఇవన్నీ తేల్చుకోండి. మెషీన్ ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు, మడమ జరపడం, తొడ బిగించడం లాంటి వ్యాయామాలు మనమే చేయాలి, చేశాక ఐస్ పెట్టాలి. ఆరోగ్యశ్రీ ఉన్నవాళ్ళు మీ కేసు అందులో వస్తుందో లేదో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

రోజూ సాయంత్రం కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. రెండు రోజుల్లో 10 డిగ్రీలు తగ్గినా, పిక్క వాచినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర తడి కనిపించినా రివ్యూ డేట్ దాకా ఆగకుండా అదే రోజు సర్జన్‌కి ఫోన్ చేయండి.