వర్గ ప్రమేయానికి ప్రదేశం, వ్యాప్తి కనుక్కోవడం ఎలా?

వర్గ ప్రమేయం వై = ఎ·ఎక్స్² + బి·ఎక్స్ + సి రూపంలో ఉంటుంది; ఇందులో ఎ సున్నా కాకూడదు. ఎక్స్ స్థానంలో వేయదగిన విలువల సమితిని ప్రదేశమనీ, అలా వేసినప్పుడు వచ్చే వై విలువల సమితిని వ్యాప్తి అనీ అంటాం. ఈ ప్రమేయంలో ఎక్స్ హారంలోనూ ఉండదు, వర్గమూలం కిందా ఉండదు కాబట్టి, లెక్కలో వేరే హద్దు చెప్పనంతవరకు ప్రదేశం వాస్తవ సంఖ్యా సమితి మొత్తం. శ్రమంతా వ్యాప్తి దగ్గరే.

ముందుగా ఎ గుర్తు చూడాలి. అది ధనాత్మకమైతే పరావలయం (ఈ ప్రమేయపు రేఖాచిత్రం) పైకి తెరుచుకుని శీర్షం, అంటే వక్రం మలుపు తిరిగే బిందువు వద్ద కనిష్ఠ విలువ వస్తుంది. రుణాత్మకమైతే కిందికి తెరుచుకుని అక్కడే గరిష్ఠ విలువ వస్తుంది. శీర్షం ఎక్స్ = −బి/2ఎ వద్ద ఉంటుంది. అక్కడి విలువకు (4ఎసి − బి²)/4ఎ అనే సూత్రం ఉన్నా, గుర్తులు తారుమారయ్యే ప్రమాదం ఉన్నందున, −బి/2ఎ విలువను ప్రమేయంలోనే ప్రతిక్షేపించడం మేలని నా అభిప్రాయం.

వై = ఎక్స్² − 6ఎక్స్ + 5 తీసుకుందాం. శీర్షం ఎక్స్ = 3 వద్ద ఉంది, అక్కడ వై = 9 − 18 + 5 = −4. ఎ ధనాత్మకం కనుక వ్యాప్తి [−4, ∞), అంటే −4, అంతకంటే పెద్ద సంఖ్యలన్నీ. చాలామంది చూడగానే కారణాంకాలు విడగొట్టి 1, 5 అనే మూలాలు (వై సున్నా అయ్యే ఎక్స్ విలువలు) రాబడతారు గానీ, వ్యాప్తికి వాటితో పని లేదు. సరిచూసుకోవాలంటే ఎక్స్² − 6ఎక్స్ + (5 − వై) = 0 అని రాసి, ఎక్స్ వాస్తవం కావాలంటే విచక్షణి (బి² − 4ఎసి), అంటే ఇక్కడ 36 − 4(5 − వై), సున్నాకు తగ్గకూడదన్న నియమం పెడితే, వై ≥ −4 అనే వస్తుంది.

ప్రదేశానికి హద్దులుంటే జాగ్రత్త అవసరం. ఇదే ప్రమేయానికి ప్రదేశం [4, 7] అని ఇస్తే శీర్షం ఆ అంతరానికి బయట పడుతుంది. అప్పుడు −4 వ్యాప్తిలోకి రాదు. అంత్య బిందువుల వద్ద విలువలు −3, 12 కనుక వ్యాప్తి [−3, 12].

శీర్షం లోపలే ఉన్నప్పుడు సంగతి వేరు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో 15 మీటర్ల ఎత్తున్న ఒక మేడ అంచు నుంచి సెకనుకు 10 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా పైకి విసిరితే, అది తిరిగి వచ్చేటప్పుడు మేడను తప్పించుకుని నేలమీద పడిందనుకుందాం. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుని గాలి నిరోధాన్ని వదిలేస్తే, టి సెకన్ల తరువాత బంతి ఎత్తు 15 + 10టి − 5టి² మీటర్లు. సమీకరణానికి ఏ సంఖ్యైనా సమ్మతమే గానీ బంతికి కాదు: విసరకముందు, నేలను తాకిన తరువాత ఈ సూత్రానికి అర్థం లేదు. ఎత్తును సున్నాకు సమానం చేస్తే టి² − 2టి − 3 = 0, అంటే టి = 3 లేదా −1. రుణ విలువను వదిలేస్తే ప్రదేశం [0, 3]. చూశారా, మూలాలు ఇక్కడ అక్కరకొచ్చాయి, అదీ ప్రదేశం కోసం! అంత్య బిందువుల వద్ద ఎత్తులు 15, 0 కనుక వ్యాప్తి [0, 15] అని రాసేస్తే లెక్క తప్పినట్టే. శీర్షం టి = 1 వద్ద, అంతరం లోపలే ఉంది; అక్కడ ఎత్తు 20. కాబట్టి వ్యాప్తి [0, 20]. జవాబులో ప్రదేశానికి సెకన్లు, వ్యాప్తికి మీటర్లు అని ప్రమాణాలు కూడా రాయాలి.