ఇంట్లో నీటి సాగు – 7వ పాఠం: నుసుమల పుట్టిల్లు ఎక్కడ?

కిందటి పాఠంలో 20 లీటర్ల బకెట్ల మూతలకు రంధ్రాలు చేసి, కొబ్బరి పొట్టు నింపిన జాలీ కుండీల్లో పాలకూర, తులసి నాటుకున్నాం. పోషక ద్రావణం పీహెచ్‌ను 5.5కూ 6.5కూ మధ్య నిలపడం కూడా చూశాం. ఈ వారం మొక్కల దగ్గరికి వంగగానే నల్లటి నుసుమలు ముఖం మీదికి లేస్తుంటే ఈ పాఠం మీ కోసమే. లేవకపోయినా చదివి పెట్టుకోండి. తడి పొట్టు వాడే ఇంటికి, ముఖ్యంగా వానాకాలంలో, అవి ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి.

మందు వెతికే ముందు ఆ ఈగ ఏదో తేల్చుకోవాలి. మనకు కావలసిన ఫంగస్ నుసుమ 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. దోమలాగే సన్నని ఒళ్లు, పొడవాటి కాళ్లు. భూతద్దంతో చూస్తే రెక్క మీద చీలిన కొమ్మలాంటి ఈనె కనిపిస్తుంది. గట్టిగా ఎగరలేదు, కుండీ పైన అటూ ఇటూ పరుగులు తీస్తుంటుంది. వంటింట్లో మాగిన అరటిపండు చుట్టూ తిరిగే ఎర్ర కళ్ల ఈగ వేరు. పాచి ఈగ కూడా వేరు: బలిసిన ఒళ్లు, పొట్టి మీసాలు, రెక్కల మీద తెల్లటి మచ్చలు. అది ప్రధానంగా పాచినే తిని బతుకుతుంది, వేళ్లకు చేసే నష్టం తక్కువ. అది కనిపిస్తే ద్రావణానికి ఎక్కడో వెలుతురు తగులుతోందని అర్థం.

నుసుమ పెద్దదయ్యాక మొక్కను కొరకదు. నష్టమంతా దాని పిల్లపురుగులది. అవి బూజును, పాచిని, కుళ్లుతున్న పొట్టును తింటూ, పనిలో పనిగా లేత వేళ్లనూ కొరికేస్తాయి. కొరికిన చోటు నుంచి పిథియం వంటి వేరుకుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. ముదిరిన తులసి తట్టుకుంటుంది గాని, ఒత్తుగా మొలిచిన కొత్తిమీర నారు మొదళ్ల దగ్గర మెత్తబడి వాలిపోతుంది. ఆకులు పసుపు పచ్చగా మారితే చాలామంది పోషకాలు తగ్గాయనుకుని మరింత పోస్తారు. పోసే ముందు ఒక్కసారి వేళ్లు చూడండి.

పిల్లపురుగులు ఉన్నాయో లేదో చెప్పే పరీక్షకు బంగాళాదుంప చాలు. సెంటీమీటరు మందంలో చిన్న ముక్క కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా పొట్టు మీద ఒత్తి పెట్టండి. రెండు రోజుల తర్వాత తిరగేసి, మంచి వెలుతురులో చూడండి. గాజులా పారదర్శకమైన ఒళ్లు, నల్లగా మెరిసే తల, అర సెంటీమీటరు పొడవు: అదే మన దొంగ. ప్రతి కుండీలోనూ ఈ పరీక్ష చేయండి. చాలా ఇళ్లలో పురుగంతా ఒకటి రెండు కుండీల్లోనే ఉంటుంది, అప్పుడు బాల్కనీ మొత్తానికి వైద్యం చేయనక్కర్లేదు. పక్కనున్న మట్టి కుండీలను, వర్మీకంపోస్టు సంచిని, తడిపి మూత వేయకుండా వదిలేసిన కొబ్బరి పొట్టు తొట్టిని కూడా వదలకండి. బకెట్లన్నీ శుభ్రంగా ఉండి, నుసుమలు కరివేపాకు కుండీ నుంచి వస్తుండవచ్చు.

ఇక అసలు పని: పైపొరను ఎండబెట్టడం. ఈ పురుగులు నీళ్లలో మునిగి బతికేవి కావు. పొట్టు పైనున్న అయిదారు సెంటీమీటర్ల తడిలోనే వాటి కాపురం. కుండీ అడుగు నీళ్లలో మునిగి ఉన్నంతకాలం పొట్టు ఆ నీటిని పైకి పీలుస్తూనే ఉంటుంది. కాబట్టి వేళ్లు కుండీ కిందికి అయిదారు సెంటీమీటర్లు దిగగానే బకెట్‌లో నీటి మట్టం తగ్గించండి. కుండీ అడుగుకూ నీటికీ మధ్య రెండు చేతివేళ్లంత ఖాళీ ఉండాలి, వేళ్ల కొసలు మాత్రం నీళ్లలోనే ఉండాలి. మొక్క ఒకటి రెండు రోజులు కాస్త వాడినట్టు కనిపించినా కంగారు పడకండి. వేళ్లింకా కిందికి దిగని నారుకు మాత్రం ఈ పని చేయకూడదు.

తర్వాత పొట్టు మీద రెండు సెంటీమీటర్ల మందాన కాల్చిన మట్టి గుళికలు పరవండి. లేదా నల్ల ప్లాస్టిక్‌ను గుండ్రంగా కత్తిరించి, కాండం పట్టేంత చీలిక పెట్టి కప్పండి. వెలుతురు ఆగితే పాచి పట్టదు, గుడ్లు పెట్టడానికి దారీ ఉండదు. ఒక్క ఆడ నుసుమ వందకు పైగా గుడ్లు పెట్టగలదు కనుక ఈ పది నిమిషాల పనిని బద్ధకించకండి.

పసుపు రంగు జిగురు అట్టలను చాలామంది జెండాల్లా వేలాడదీస్తారు. నుసుమ పైకి ఎక్కువ ఎగరదు, అందుకే అట్టను కుండీ అంచు మీద పడుకోబెట్టండి. అట్ట ఒక్కటే సమస్యను తీర్చదు. పడిన వాటిని వారానికోసారి లెక్కపెట్టి రాసుకుంటే, మీ వైద్యం పనిచేస్తోందో లేదో ఆ అంకెలే చెబుతాయి.

అంకె తగ్గకపోతే బీటీఐ (బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్) వాడాలి. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక నీటి మడుగులో దొరికిన బాక్టీరియా ఇది. దోమ పిల్లలను చంపడానికి మన దేశంలోనూ వాడతారు. నుసుమ పిల్లలు దాన్ని తింటే వాటి పేగు దెబ్బతిని చస్తాయి. గుడ్ల మీద, ఎగిరే ఈగల మీద దీని ప్రభావం ఉండదు. కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. ఎరువుల దుకాణంలో బీటీ అని అడిగితే తరచూ గొంగళి పురుగులకు వాడే కుర్స్టాకీ రకం చేతిలో పెడతారు. అది నుసుమలకు పనికిరాదు. సీసా మీద ఇజ్రాయెలెన్సిస్ అని ఉందో లేదో చదవండి. సీసా మీది మోతాదులో కలిపి పొట్టు తడిసేలా పోసి, వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు చేయండి. గుడ్డు నుంచి ఈగ వరకు దాదాపు మూడు వారాలు పడుతుంది, ఒక్కసారి పోసి ఊరుకుంటే ఆ రోజు గుడ్డులో ఉన్నవి తప్పించుకుంటాయి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కూడా పైపొరలోని పురుగులను చంపవచ్చు గాని, నాకు అది రెండో దారే. వేళ్ల దగ్గరున్న మంచి సూక్ష్మజీవులు కూడా దానికి బలవుతాయి. ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు అని చాలాచోట్ల చెప్పే కొలత 3 శాతం ద్రావణానిది. మన మందుల షాపుల్లో దొరికేది ఎక్కువగా 6 శాతం, దానికి తొమ్మిది వంతుల నీళ్లు కలపాలి. బీటీఐ పోసిన రోజు దీని జోలికి పోకండి.

వేప నూనెను మాత్రం బకెట్‌లో పోయకండి. మొదటి ఏడాది సబ్బు నీళ్లలో కలిపి నేను పోశాను. నూనె వేళ్లకు పూతలా పట్టింది, నీళ్లలోకి గాలి బుడగలు వదిలే గాలి రాయి రంధ్రాలు మూసుకుపోయాయి. నాలుగో రోజుకు పాలకూర వేళ్లు గోధుమ రంగుకు తిరిగి జారిపోయాయి. నుసుమలు మాత్రం హాయిగా తిరుగుతూనే ఉన్నాయి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసినవి: ఈ రోజే ప్రతి కుండీలో దుంప ముక్క పెట్టి, ఎల్లుండి చూసి కుండీవారీగా లెక్క రాయండి. నీటి మట్టం దించిన తేదీ, అట్ట మీద పడిన నుసుమల సంఖ్య కూడా అదే కాగితం మీద ఉండాలి. 8వ పాఠంలో వేళ్ల రంగు, వాసన బట్టి రోగాన్ని గుర్తించడం నేర్చుకుంటాం. దానికి ఈ కాగితం కావాలి, పారేయకండి.