బీపీ తగ్గాలంటే నిద్రను ఎలా సరిచేసుకోవాలి?

బీపీ అనగానే ఇంట్లో అందరి చూపూ ఉప్పు డబ్బా మీదే పడుతుంది. ఉప్పు తగ్గించాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ పచ్చళ్లు మానేసి, మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటున్నా రీడింగ్ దిగనివాళ్లను ‘రాత్రి నిద్ర ఎలా పడుతోంది?’ అని అడిగేవాళ్లు తక్కువ.

మామూలుగా నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకూ రక్తనాళాలకూ రోజు మొత్తంలో దొరికే తీరిక అదే. నిద్ర చాలకపోయినా, మాటిమాటికీ తెగిపోయినా ఆ తగ్గుదల సరిగా రాదు. రాత్రిపూట బీపీ దిగనివాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో గుండె ఆరోగ్యానికి చూసుకోవాల్సిన ముఖ్యమైన అంశాల్లో నిద్రనూ చేర్చింది. పెద్దవాళ్లకు 7 నుంచి 9 గంటలు కావాలంటుంది.

నిద్ర బాగుపడిందని మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. అది డాక్టర్ తేల్చాల్సిన సంగతి.

1. ముందు ఒక వారం రాసి పెట్టండి

ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఇంతే రాయండి. పక్కనే బీపీ. పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, టీ తాగకముందు, మాత్ర వేసుకోకముందు ఒకసారి; రాత్రి పడుకునే ముందు ఒకసారి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా పెట్టుకుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే మిషన్ నొక్కాలి. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఇంట్లో చూసుకునే బీపీ సగటున 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క.

2. గురక సంగతి తేల్చుకోండి

నన్నడిగితే మిగతా చిట్కాలన్నీ దీని తర్వాతే. మన ఇళ్లలో గురక ఒక నవ్వులాట. ‘ఆయన దిండు మీద తల పెడితే చాలు, గుర్రుమంటారు’ అని గొప్పగా చెప్పుకోవడమూ ఉంది. గురకపెట్టే ప్రతివాళ్లకీ జబ్బు ఉన్నట్టు కాదు. గమనించాల్సింది గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని.

పక్కన పడుకునేవాళ్లు ఒక రాత్రి ఫోన్‌లో రికార్డ్ చేస్తే చాలావరకు తెలిసిపోతుంది. గురక పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారిగా ఆగుతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం చప్పుడే ఉండదు. ఛాతీ, పొట్ట మాత్రం గాలి కోసం ఎగసిపడుతుంటాయి. అంతలో ఉక్కిరిబిక్కిరైనట్టు పెద్ద శబ్దం, కాస్త కదలిక, మళ్లీ గురక మొదలు. ఇది స్లీప్ ఆప్నియా కావచ్చు. గొంతు లోపలి దారి మూసుకుపోవడంతో ఊపిరి ఆగి, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు మనిషిని సగం లేపుతుంది, కంగారు పడ్డప్పుడు ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్ ఎగదన్నుతుంది, బీపీ పైకి లేస్తుంది. ఊపిరి తెగడం గంటకు ఐదుసార్లు దాటితే జబ్బుగా, ముప్పై దాటితే తీవ్రంగా లెక్కిస్తారు. పడుకున్న మనిషికి మాత్రం ఇందులో ఏదీ గుర్తుండదు.

పొద్దున్నే తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం, ఎనిమిది గంటలు పడుకున్నా బస్సులో, ఆఫీసులో కునికిపాట్లు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత. ఇవి ఉంటే అనుమానించాలి. మూడు రకాల మాత్రలు వాడుతున్నా బీపీ లొంగనివాళ్లలో ఈ జబ్బు మరీ ఎక్కువ. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలోనూ పెరుగుతుంది, కాకపోతే అమ్మ గురకపెడుతుందంటే ఎవరూ పట్టించుకోరు.

ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికో, చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికో వెళితే స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష చేయిస్తారు. చాలామందికి ఇంట్లోనే చిన్న పరికరం తగిలించుకుని చేయించుకునే వీలుంది. జబ్బు తేలితే సీప్యాప్ అనే గాలి మాస్క్ ఇస్తారు. దాంతో బీపీ సగటున రెండు మూడు పాయింట్లే తగ్గొచ్చు. మాత్రలకు లొంగని బీపీ ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ దిగుతుంది. పగటి మత్తు వదలడం దానికి అదనం. బరువు తగ్గడం, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి.

3. లేచే టైమ్‌ను పట్టుకోండి

‘పదింటికల్లా పడుకోవాలి’ అని ఒట్టు పెట్టుకుంటే నిద్ర రాదు. పొద్దున లేచే టైమ్ మాత్రం మన చేతుల్లో ఉంటుంది. ఆదివారంతో సహా రోజూ ఒకే వేళకు లేచి, కాసేపు ఎండ తగిలేలా బయట నడవండి. నాలుగైదు రోజులు పగలు కాస్త మత్తుగా ఉండొచ్చు. తర్వాత రాత్రి నిద్ర తనంతట తానే ఒక వేళకు వస్తుంది. మధ్యాహ్నం కునుకు అలవాటైతే మూడు గంటల్లోపు, అరగంట దాటకుండా చూసుకోండి.

4. సాయంత్రం టీ, రాత్రి భోజనం

కాఫీ, టీల్లోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన స్ట్రాంగ్ టీ పదకొండుకీ సగం ఒంట్లోనే ఉంటుందన్నమాట. చివరి కప్పు మధ్యాహ్నం రెండు, మూడింటికే ముగించండి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. తొమ్మిదిన్నరకి బిర్యానీ తిని పదింటికి నడుం వాలిస్తే ఛాతీలో మంట ఖాయం. ‘ఒక పెగ్గేస్తే హాయిగా నిద్రపడుతుంది’ అనేవాళ్లకు పట్టేది నిజమే, తెల్లవారుజామున తెగిపోయేదీ నిజమే. మద్యం బీపీని పెంచుతుంది, గొంతు కండరాలను వదులు చేసి ఆప్నియానూ పెంచుతుంది.

5. రాత్రి మూత్రానికి లేవడం తగ్గించండి

దీన్ని వయసు ఖాతాలో వేసి వదిలేస్తారు. ముందు మాత్రల షీటు చూడండి. బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉంటే చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయాజైడ్, ‘సీటీ’ ఉంటే క్లోర్‌థాలిడోన్ కలిసి ఉంటాయి. రెండూ ఒంట్లోని నీటిని మూత్రంగా పంపేవే. వీటిని రాత్రి వేసుకుంటుంటే పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగండి. బ్రిటన్‌లో 21 వేలమందికి పైగా పాల్గొన్న టైమ్ అనే అధ్యయనం 2022లో వెలువడింది. బీపీ మాత్రలు పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా కనిపించలేదు. కాబట్టి నిద్ర చెడని వేళను ఎంచుకోవచ్చు.

ఉప్పు కూడా ఇక్కడే పనిచేస్తుంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలతో రాత్రి భోంచేస్తే దాహం, దాహంతో నీళ్లు, ఆ వెనకే బాత్రూమ్. రోజుకు 5 గ్రాములలోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే దాదాపు ఒక టీస్పూన్. రాత్రి మెలకువలు ఎంతకీ తగ్గకపోతే షుగర్, ప్రోస్టేట్ పరీక్షలూ అవసరమే.

6. గది

నిద్ర సుఖమెరుగదంటారు గానీ, మే నెలలో కరెంటు పోయిన రాత్రి ఆ మాట ఎవరూ ఒప్పుకోరు. చీకటి, చల్లదనం, దోమతెర చాలు. ఫోన్ ఛార్జింగ్ వేరే గదిలో పెట్టండి. పక్క వీధిలో రాత్రి పది దాటాక కూడా డీజే మోగుతుంటే మొహమాటపడకండి: బహిరంగ ప్రదేశాల్లో పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి.

7. అయినా పట్టకపోతే

ఇరవై నిమిషాలు దొర్లినా నిద్ర రాకపోతే లేచి ఇంకో గదిలో మసక వెలుతురులో కూర్చోండి. గడియారం చూడొద్దు. కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ మంచం ఎక్కండి. నెలల తరబడి ఇదే తంతయితే సీబీటీ-ఐ అనే, మాత్రలు లేని చికిత్స ఉంది, సైకాలజిస్టులు నేర్పుతారు. మెడికల్ షాపులో అల్ప్రాజోలం లాంటి మత్తు మాత్ర అడిగి తెచ్చుకోవడం మాత్రం వద్దు. అలవాటు పడితే వదలదు, ఆప్నియా ఉన్నవాళ్లకు ఊపిరిని ఇంకా మందగింపజేస్తుంది.

నైట్ షిఫ్టు చేసేవాళ్లకు ఈ పద్ధతిలో కొన్ని కుదరవు. షిఫ్టులు వారానికోసారి తారుమారు కాకుండా ఒకే వేళ ఉండేలా అడిగి చూడండి. పగటి నిద్రకు మందపాటి కర్టెన్లు వేసుకోండి.

నెల తర్వాత రాసిన పుస్తకం, గురక రికార్డింగ్ రెండూ డాక్టర్‌కు చూపించండి. రాత్రి బీపీ మీద అనుమానం ఉంటే 24 గంటలూ చేతికి ఉండే మిషన్‌తో పరీక్ష చేయిస్తారు. ఈలోగా ఎప్పుడైనా 180/120 దాటి, దాంతో ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, చెయ్యికాలు పట్టు తప్పడం లాంటివి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.