నీటిలో దిగే ముందు సంచి సర్దుకోండి

బ్రిటన్‌కు చెందిన ఆటల రూపకర్తలు ఆలివర్ కవలలు రూపొందించిన ‘ట్రెజర్ ఐలాండ్ డిజ్జీ’ని, అంటే తొలి ‘డిజ్జీ’కి కొనసాగింపుగా వచ్చిన కంప్యూటర్ ఆటను, ఇప్పుడు ఎమ్యులేటర్‌లో (పాత ఆటలను నేటి యంత్రాలపై ఆడించే సాఫ్ట్‌వేర్‌లో) మొదలుపెడుతున్నవారు ఒక్క విషయం తప్పక గుర్తుంచుకోవాలి. ఇందులో ఉన్నది ఒకే ప్రాణం. సంచిలో పట్టేవి మూడే వస్తువులు. వస్తువు తీసుకోవడానికీ, వదలడానికీ ఒకే మీట ఉంటుంది, పైగా ముందు తీసుకున్నదే ముందు జారిపోతుంది. సముద్రం అడుగున ఏదో అందుకోబోయి ఆ మీట నొక్కినప్పుడు స్నోర్కెల్ (నీటిలో ఊపిరి తీసుకునేందుకు వాడే గొట్టం) గనక చేజారితే, ఎంతో ఓపికగా ఏరుకున్న బంగారు నాణేలతో సహా ఆటలోని కథానాయకుడు డిజ్జీ అక్కడికక్కడే మునిగిపోతాడు. అందువల్ల ఒడ్డుననే స్నోర్కెల్‌ను ఒకసారి కింద పెట్టి, మిగిలిన రెండు వస్తువుల తరువాత చివరగా తీసుకొని, అప్పుడే నీటిలోకి దిగండి.